ఉన్నది ఉన్నట్టు రాసే కన్సల్టెంట్‌కు గిరాకీ ఉంటుందా?

హన్మకొండ_లెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. హన్మకొండలో చిన్న వ్యాపారాలకు సలహాలిచ్చే పని నాది. కిరాణా, టిఫిన్ సెంటర్, పిండి గిర్ని, ఈ మధ్య ఎక్కువగా ఫ్రాంచైజీ పెడదామనుకునే పిలగాళ్లు వస్తున్నారు. నా దగ్గరికి వచ్చే లెక్కల మీద తెలుగులో పోస్టులు రాస్తుంటా, ఎవరి పేరూ పెట్టను, కానీ మెత్తగా కూడా రాయను. ఇప్పుడు దాని మీదే లొల్లి.

మొదలైంది ఒక టీ షాపు పోస్టుతో. 8 లక్షలు అప్పు తెచ్చి ఫ్రాంచైజీ తీసుకుంటే ఎట్లుంటది అనేది లెక్క. షాపు కిరాయి 25 వేలు, ఇద్దరు పనివాళ్లకు 30 వేలు, కరెంటూ నీళ్లూ 5 వేలు, మూడేళ్ల అప్పుకు నెల కిస్తు 26 వేలు. మొత్తం 86 వేలు. 15 రూపాయల టీలో పాలు, పొడి, చక్కెర, గ్యాసు, కప్పు, కంపెనీ వాటా పోను 7 రూపాయలు మిగిలితే గొప్ప. అంటే రోజుకు 400 పైచిలుకు కప్పులు అమ్మితేనే ఖర్చుకు ఖర్చు సరి. పొద్దున 6 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంచినా దాదాపు రెండు నిమిషాలకో కప్పు పోతూనే ఉండాలి, వాన పడ్డా, బంద్ ఉన్నా. ఇదంతా రాసి, ‘పక్కపక్కనే మూడు టీ షాపులు ఉన్నచోట ఈ ఖర్చుతో నాలుగోది నడవదు, పెట్టకండి’ అని ముగించా.

ఫోన్లు మొదలయ్యాయి. ఫ్రాంచైజీలు ఇప్పించే ఆయన ఒకరు నా పొట్ట మీద కొడుతున్నావన్నాడు. వ్యాపారుల సంఘంలో పెద్దాయన ఒకరు మర్యాదగానే ‘ఊళ్లో నాలుగు షాపులు వస్తే నీకూ నాలుగు ఫీజులు వస్తాయి కదా తమ్మీ, ఎందుకు జనాన్ని భయపెడతావు’ అన్నారు. వీళ్ల సంగతి సరే. నాతో కలిసి ఆఫీసు నడిపే దోస్తు పోస్టు తీసెయ్యమనడం లేదు, మార్చమంటున్నాడు. మార్చి పంపాడు కూడా: ‘టీ రంగంలో పోటీ పెరుగుతున్నా సరైన లొకేషన్, సరైన ప్లానింగ్ ఉంటే మంచి అవకాశాలున్నాయి. వివరాలకు సంప్రదించండి.’ చదివితే తప్పేమీ దొరకదు. కానీ అది చదివినవాడికి కొత్తగా ఏం తెలిసింది? 400 కప్పులు ఎటు పోయాయి? ఆ మాటల్లో టీ తీసేసి జిమ్ అని పెట్టండి, పెట్రోలు బంకు అని పెట్టండి, అట్లాగే అతుకుతుంది.

దోస్తు వాదన కొట్టిపారేసేది కూడా కాదు. మనకు ఫీజు ఇచ్చేది వ్యాపారం పెట్టేవాడే, పెట్టకుండా ఇంటికి పోయేవాడు రూపాయి ఇవ్వడు, వాళ్లనే ఆపుతూ కూర్చుంటే ఆఫీసు కిరాయి ఎవరు కడతారు అంటాడు. పైగా మిషన్లు అమ్మే డీలర్ ఒకరు మా పల్వరైజర్ (కారం, పిండి పట్టే మిషన్) గురించి నాలుగు మంచి మాటలు రాయి, అమ్మిన ప్రతి మిషన్ మీద కమీషన్ ఇస్తా అన్నాడు. దోస్తుకు అందులో తప్పు కనబడట్లేదు, ‘మిషన్ మంచిదే కదా’ అంటాడు. మంచిదే, నేనూ చూశా.

నా మటుకు నాకు రాసే తీరు మార్చాలని లేదు. కానీ ఇట్లా రాస్తూ పదేళ్లు, పదిహేనేళ్లు ఇదే పనిలో నిలబడ్డవాళ్లు ఉన్నారా? ఉంటే ఎట్లా నిలబడ్డారు? ధైర్యం చెప్పే మాటలు వద్దు, పని ఎట్లా నడుపుకున్నారో చెప్పండి.

కాజీపేట_రిటైర్డ్

బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనవాణ్ణి. టేబుల్‌కు ఇవతల కూర్చున్నవాడి మాటగా వినండి.

మా దగ్గరికి వచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో మొదటి ఏడాది 60 శాతం కెపాసిటీ, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. పప్పు మిల్లయినా అంతే, ఇటుక బట్టీ అయినా అంతే, పేపర్ ప్లేట్లయినా అంతే. ఒక్కోసారి పాత రిపోర్టు తీసి పేరు మార్చేవాళ్లు, లోపల నాలుగో పేజీలో వేరే జిల్లా పేరు అట్లాగే ఉండిపోయేది. పిలిచి ‘ఏంది బాబూ ఇది’ అంటే ఆ కుర్చీలో కూర్చున్న అబ్బాయికి తన రిపోర్టులో ఏముందో తెలియదు. మిల్లు తనది, అప్పు తనది, లెక్క మాత్రం వేరేవాడిది.

ఎందుకట్లా అంటే ఆ రిపోర్టు రాసినాయనకు డబ్బులు వచ్చేది లోన్ మంజూరైతేనే. వంద రూపాయల లోన్‌కు ఇంత అని మాట్లాడుకుంటారు. అటువంటప్పుడు ‘ఇది నడవదు’ అని ఆయన ఎట్లా రాస్తాడు? మనిషి చెడ్డవాడు కాకపోవచ్చు, కానీ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. కాబట్టి నన్నడిగితే మీరు మెత్తగా రాయాలా గట్టిగా రాయాలా అనేది తర్వాతి సంగతి, ముందు మీ ఫీజు ఎప్పుడు వస్తున్నదో చూసుకోండి. లెక్క చూసినందుకు ఫీజు, అది ముందే, మంజూరైనా కాకపోయినా అంతే అని పెట్టుకున్నవాడు ‘వద్దు’ అనగలడు. మంజూరు మీద బతికేవాడు ఎంత ఖరాఖండిగా పోస్టులు రాసినా ఫైలు ముందు పెట్టేసరికి మెత్తబడతాడు.

సబ్సిడీ సంగతి కూడా రాయండి, దాని మీద ఎవరూ సూటిగా రాయరు. పీఎంఈజీపీలో, అంటే కొత్త యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకంలో, 35 శాతం మాఫీ అని ఊరూరా చెప్పి తీసుకొస్తారు. ఆ 35 శాతం గ్రామాల్లో, అదీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల వంటి కేటగిరీలకు. జనరల్ కేటగిరీవాడు హన్మకొండ టౌన్‌లో పెడితే వచ్చేది 15 శాతమే. అదైనా చేతికి ఇవ్వరు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా పడి ఉంటుంది, యూనిట్ నడుస్తున్నదని చూశాక అప్పులో సర్దుతారు. రెండో ఏడాదే షెడ్డుకు తాళం పడితే ఏమైతదో ఆ తీసుకొచ్చినవాళ్లు చెప్పరు. 90 రోజులు కిస్తులు ఆగితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, ఆ తర్వాత ఆ పిలగాడికి బండి లోన్ కూడా పుట్టదు.

మీ దోస్తుకు చెప్పండి, పెట్టకుండా వెళ్లిపోయినవాడు కూడా ఫీజు ఇస్తాడు. 8 లక్షలు మిగిలాయని తెలిసినవాడు వాళ్ల బావమరిదిని కూడా పంపుతాడు. మా బ్రాంచిలోనే కొందరు పెద్దమనుషులు కొడుకుల ఫైలు తెచ్చి ‘సార్, మా వాడికి నచ్చజెప్పేవాడు ఎవరైనా ఉన్నాడా’ అని అడిగేవాళ్లు. ఆ గిరాకీ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు అంతే.

జేపీఎన్‌రోడ్_బట్టలు

నేను వేరే మాట చెప్త, కోపం తెచ్చుకోవద్దు.

మాది వరంగల్‌లో బట్టల షాపు, నాన్న పెట్టింది. సార్లు బాగానే మాట్లాడుకుంటున్నారు గానీ మన ఊరు హైదరాబాద్ కాదు. పేరు పెట్టలేదు అంటారు. ‘చౌరస్తా దగ్గర, రెండంతస్తులు, పోయినేడు దసరాకు తెరిచిన షాపు’ అని రాస్తే ఇంక పేరెందుకు? పొద్దున పోస్టు పడితే మధ్యాహ్నానికి సూరత్ ఏజెంటుకు తెలుస్తది. మాకు సరుకు వచ్చేది నమ్మకం మీద, అరువు మీద. ఫలానా వాళ్ల పని అయిపోయిందట అని ఒక్క మాట బయటికి వచ్చిందంటే నెలన్నర అరువు ఇచ్చేటోడు రొక్కం పెట్టు, సరుకు తీస్క అంటడు. అప్పటిదాకా మునగని షాపు అప్పుడు మునుగుతది. మా గల్లీలో ఒక ఆయనకు అట్లనే అయింది, ఎవరో కన్సల్టెంట్ ‘కేస్ స్టడీ’ అని రాసిండు, రాతలో అబద్ధం ఒక్కటి లేదు.

1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతబడంగ చూసిన ఊరు ఇది. మూసేస్తారట అనే మాట వింటే ఇక్కడ పెద్దోళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటది. జర అది కూడా ఆలోచించాలె.

గట్టిగ చెప్పు అన్నా, నేనే పైసలిచ్చి చెప్పించుకుంట. నాకు చెప్పు, నా కొడుక్కు చెప్పు, షట్టర్ దించి కూసోబెట్టి చెప్పు. బజార్ల ఎందుకు?

మానుకోట_మల్లి

అన్నా అంతా బాగుంది గానీ టీ షాపు లెక్కలో ఓనర్ జీతం ఏది?

హన్మకొండ_లెక్కలు

మల్లి గారూ, కావాలనే వెయ్యలేదు. నెలకు 20 వేలు వేస్తే రోజుకు 500 కప్పులు దాటుతుంది. 400కే ఇన్ని తిట్లు తింటున్నా.

మిగతావాళ్లకు తీరిగ్గా రాస్తా, ఆఫీసులో ఉన్నా.

కరీంనగర్_సీఏ

సీఏగా ప్రాక్టీసు చేస్తున్నా. చట్టం వైపు నుంచి నాలుగు మాటలు, ఎందుకంటే రేపో మాపో ఎవరో ఒకరు మీకు నోటీసు పంపుతామంటారు.

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, 2024 జులై 1 నుంచి. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ. కంపెనీకి కూడా పరువు ఉంటుంది, మనిషికే అనుకోవద్దు. చాలామంది ‘నేను రాసింది నిజం, నన్నేం చేస్తారు’ అనుకుంటారు. క్రిమినల్ కేసులో నిజమైతే సరిపోదు, అది బయటపెట్టడం ప్రజలకు మేలు చేసేదై ఉండాలి. మీ టీ షాపు పోస్టు ఇక్కడ గట్టిగా నిలబడుతుంది. అంకెలు పెట్టారు, అంకెల నుంచి మీ అభిప్రాయం ఎట్లా వచ్చిందో చూపించారు, ఏ బ్రాండునూ అనలేదు. అదే ‘ఫలానా కంపెనీ మోసం చేస్తోంది’ అని ఒక్క ముక్క రాస్తే కథ వేరు. మోసం అనేది లెక్క కాదు, ఆరోపణ. నడవదు అనండి, ఎందుకు నడవదో చూపించండి, మోసం అనే మాట పోలీసులకూ కోర్టుకూ వదిలేయండి. ఎవరైనా ఐటీ యాక్ట్ 66ఏ కింద లోపల వేయిస్తామంటే నవ్వి ఊరుకోండి, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి బెదిరించేవాళ్లు ఉన్నారు.

కమీషన్ సంగతి దీనికంటే పెద్దది. మీరు డబ్బు తీసుకుని ఒక సరుకు గురించి రాస్తే ఆ సంబంధం చదివేవాళ్లకు కనబడేలా చెప్పాలి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. తప్పుదారి పట్టించే ప్రచారం అని తేలితే ప్రచారం చేసినవాడికి కూడా 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాదు కదా అని డీలర్లు అంటుంటారు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న మిషనైతే అతనూ వినియోగదారుడే, ఆ చట్టంలోనే రాసి ఉంది. కారం పట్టుకుని అమ్ముకునే ఆడమనిషి మీ మాట నమ్మి ఆ పల్వరైజర్ కొన్నదనుకోండి, ఆమె దీని కిందికే వస్తుంది.

కాజీపేట సార్ చెప్పిన ఫీజు విషయం మాకైతే నియమమే. 1949 నాటి సీఏ చట్టం ప్రకారం ఫలితం మీద ఆధారపడిన ఫీజు, లాభంలో ఇంత శాతం అనే ఫీజు మేం తీసుకోకూడదు, కొన్ని మినహాయింపులు ఉన్నాయనుకోండి. క్లయింటు సమాచారం అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. మీ పనికి లైసెన్సు లేదు కాబట్టి ఇవేవీ మీకు వర్తించవు. కానీ మీరే కాగితం మీద రాసుకుని ఆఫీసు గోడకు అతికించుకుంటే ఎవరు కాదంటారు? నా క్లయింట్లలో చాలామంది మనసులో ఉండే మొదటి ప్రశ్న ‘సార్, దీంట్లో మీకేమైనా వస్తుందా’ అని. పైకి అనరు గానీ కళ్లలో తెలిసిపోతుంది.

హన్మకొండ_లెక్కలు

అందరికీ థ్యాంక్స్. ఒక్కొక్కరికే చెప్తా.

జేపీఎన్ రోడ్ అన్నా, మీకు కోపం ఎందుకు తెచ్చుకుంటా, ఈ మాట అనేవాళ్లు లేకనే కదా ఇక్కడ అడిగింది. నడుస్తున్న షాపు గురించి నేను రాయను, ఇప్పటిదాకా రాయలేదు. రాసేదంతా ఇంకా తెరవని షాపుల గురించి. తెరిచిన షాపుకు నేను చెప్పాల్సింది, మీరన్నట్టు, షట్టర్ దించి కూసొని చెప్పేదే. ఇంకా అప్పు చేయనివాడికి మాత్రం బజారులోనే చెప్పాలి, ఎందుకంటే వాడు నా ఆఫీసుకు రాడు. వాడు ఫ్రాంచైజీ ఏజెంటు దగ్గరికి పోతాడు, యూట్యూబ్‌లో ‘నెలకు లక్ష’ చూస్తాడు, అత్తగారి బంగారం కుదువ పెడతాడు. నా దగ్గరికి వచ్చేసరికి అడ్వాన్సు కట్టేసి ఉంటాడు. అప్పుడు ఎంత నిక్కచ్చిగా చెప్పి ఏం లాభం? ఆ అడ్వాన్సు ‘నాన్ రిఫండబుల్’ అని మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాని మీద సంతకం కూడా అయిపోయి ఉంటుంది. వత్తుల మిషన్ వాళ్లదీ ఇదే కథ. మిషన్ మేమిస్తాం, దూది మేమిస్తాం, వత్తులు మేమే కొంటాం అంటారు. అంత లాభం ఉన్న పనైతే మిషన్లన్నీ ఒక షెడ్డులో పెట్టి వాళ్లే చేసుకుంటారు కదా అని ఎవడూ అడగడు, ఎందుకంటే అడగమని ఎవరూ రాయరు.

డీలర్‌కు వద్దని చెప్పేశా. మిషన్ బాగుందని మునుపే ఒక క్లయింటుకు చెప్పా, రేపూ చెప్తా, ఉత్తగనే. డబ్బు తీసుకుని చెప్పిన రోజు నుంచి నేను ‘బాగుంది’ అన్న ప్రతిదాని మీదా అనుమానమే. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి: రెండేళ్లకు ఆ మిషన్‌లో కొత్త మోడల్ వచ్చి అది నాసిగా ఉంటే అప్పుడు రాయగలనా?

ఫీజు సంగతి సార్ చెప్పినట్టే ఉంది చాలావరకు, ముందే తీసుకుంటా. దోస్తు చూసే ఫైళ్లు కొన్ని మంజూరు మీద నడుస్తున్నాయి. అసలు గొడవ పోస్టు గురించి కాదు, ఇదే. ఇద్దరం ఒకే బోర్డు కింద రెండు రకాల ఫీజులు తీసుకుంటుంటే నేను బయట రాసేదానికీ లోపల జరిగేదానికీ పొంతన ఉండదు, జనం అడగకముందే మేం తేల్చుకోవాలి. ఈ ఆదివారం కూర్చుంటున్నాం. అన్ని ఫైళ్లకూ ఒకే పద్ధతి అంటే సరే, లేదంటే బోర్డు మీద రెండు పేర్లు వద్దు.

జేపీఎన్‌రోడ్_బట్టలు

తెరవని షాపు అంటే నాకు అభ్యంతరం లేదు. మా తమ్ముని కొడుకు ఏదో మొబైల్ యాక్సెసరీస్ ఫ్రాంచైజీ అని తిరుగుతుండు, పంపిస్త. ఏడిపించినా పర్లేదు.

నర్సంపేట_మిర్చి

లేటుగా చూశా. మాది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, మిర్చి. కన్సల్టెంట్ ఒకాయన మాకు ప్రాజెక్టు రిపోర్టు చేసిచ్చాడు. సీజన్‌లో సభ్యుల మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు వచ్చినప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లి అమ్మడం. అమ్మకం రేటు దగ్గర ఆయన ఏం వేశాడంటే జెండా పాట రేటు, మొత్తం సరుకుకు! మార్కెట్‌కు పోయే రైతు ఎవరైనా నవ్వుతాడు. జెండా పాట పలికేది ఆ రోజు వచ్చిన దాంట్లో మంచి లాట్‌కు, పేపర్లో పడేది అదే, మిగతావాళ్ల బస్తాలకు ఖరీదుదారు దగ్గరికొచ్చి తేమ ఉంది, తాలు ఉంది అని తగ్గించుకుంటూ పోతాడు. పైగా తరుగు, హమాలీ, స్టోరేజీ కిరాయి, ఆర్నెల్ల వడ్డీ ఉండనే ఉన్నాయి. మీటింగ్‌లో అడిగితే ‘బ్యాంకు వాళ్లకు అట్లాగే చూపించాలి, మీకు తెలియదు’ అన్నాడు. మా చైర్మన్ చదువుకున్నాయన, ఆయన కూడా ఊరుకున్నాడు.

అన్నా, మీరు ఈ రిపోర్టు చూస్తారా? నడవదంటే నడవదనే రాసివ్వండి, సంతకం పెట్టి. సభ్యుల ముందు చదవాలి.

హన్మకొండ_లెక్కలు

చూస్తా. రిపోర్టుతో పాటు ఇవి కూడా తీసుకురండి: మీ సభ్యులకు గత రెండు సీజన్లలో వచ్చిన తక్‌పట్టీలు (మార్కెట్‌లో అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు) దొరికినన్ని, తేజ ఎంత, చపాటా ఎంత, మిగతా రకాలు ఎంత అనేది విడివిడిగా, కోల్డ్ స్టోరేజీ వాళ్లు బస్తాకు తీసుకునే కిరాయి రసీదు ఒకటి. జెండా పాట రేటు పక్కన పెట్టి మీ తక్‌పట్టీల సగటు రేటుతో మళ్లీ వేద్దాం. వడ్డీ పోను క్వింటాలుకు ఏమైనా మిగిలితే అదీ రాస్తా, ముందే నడవదని అనుకుని కూర్చోను.

ఫీజు కంపెనీ చెక్కు ఇవ్వండి, రిపోర్టు చేతికి ఇవ్వకముందే. చైర్మన్ గారిని కూడా తీసుకురండి.